వద్దన్న ఫంక్షన్లు, తీసేసిన ఫంక్షన్లు

ఈ మధ్య మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒకటే: నిన్నటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రాము కొత్త వెర్షను రాగానే ఆగిపోయింది, కారణం అడిగితే "ఆ ఫంక్షను ఇప్పుడు లేదు" అన్న సమాధానం వచ్చింది. ఫంక్షను అంటే పేరుపెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే చిన్న కోడు భాగం. అందుకని ఈ సంచికలో స్థలమంతా ఆ ఉత్తరాలకే కేటాయించాం. పాఠకుల పేర్లు ప్రచురించడం లేదు. వారి పేటల పేర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న (నల్లకుంట నుంచి ఒక తెలుగు అధ్యాపకురాలు): మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఫోనులో "అది డిప్రికేట్ అయిపోయింది" అని పదేపదే అంటుంటాడు. అంటే పోయినట్టా అని అడిగితే పోలేదంటాడు, ఉన్నట్టా అని అడిగితే ఉన్నట్టూ కాదంటాడు. ఈ మాటకు తెలుగులో ఏమనాలి?

జవాబు: మీ అబ్బాయి సరిగ్గానే చెప్పారు. ఆ ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ క్రియకు "ఇది మాకు రాకుండుగాక అని వేడుకోవడం" అని అర్థం. ప్రోగ్రామింగులోనూ అది వేడికోలే: ఫంక్షను ఇంకా ఉంది, పిలిస్తే పలుకుతుంది, కాని దయచేసి పిలవవద్దని భాషను నిర్వహించేవారు కోరుతున్నారు. పారిభాషిక పదకోశాల ధోరణిలో దీనికి నాలుగు సంస్కృత పదాలు కలిపి ఒక సమాసం కట్టవచ్చు గాని, ఆఫీసులో దాన్ని ఎవరూ పలకరు. మేము ఈ సంచికలో "వద్దన్న ఫంక్షను" అంటున్నాం. నిజంగానే లైబ్రరీలోంచి (సిద్ధంగా ఇచ్చే ఫంక్షన్ల నిల్వలోంచి) పోయినదాన్ని "తీసేసిన ఫంక్షను" అంటున్నాం. ఈ రెంటికీ నడుమ కొన్ని చోట్ల రెండేళ్లు, కొన్ని చోట్ల పాతికేళ్లు గడుస్తాయి. కింద వచ్చే ప్రశ్నలన్నీ ఆ నడిమి కాలంలో ఎవరేం చేశారన్నదాని గురించే.

ప్రశ్న (ఘట్‌కేసర్ నుంచి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థి): మా కాలేజీ ల్యాబులో టర్బో సీ అనే పాత కంపైలరు (సీ భాషలో రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాధనం) వాడతాం. అక్కడ పేరు చదవడానికి గెట్స్ ఫంక్షను రాస్తే మార్కులు పడతాయి. అదే ప్రోగ్రాము ఇంట్లో ల్యాప్‌టాప్ మీద జీసీసీ అనే మరో కంపైలరుతో కంపైల్ చేస్తే గెట్స్ ప్రమాదకరమనీ, వాడకూడదనీ వస్తోంది. ఒక్కోసారి అసలు ఆ పేరే తెలియదంటోంది. పుస్తకంలో ఉన్న ఫంక్షను ప్రమాదకరం ఎలా అవుతుంది? ప్రమాదకరమైనప్పుడు పుస్తకంలో ఎందుకు ఉంది?

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు మా చేతిలో లేదు, మీ సిలబస్ కమిటీ చేతిలో ఉంది. మొదటిదానికి చెబుతాం.

మీరు పేరు కోసం ఇరవై అక్షరాల అర్రే (వరస గడుల పట్టీ) ప్రకటించి దాన్ని గెట్స్‌కు అప్పగించారనుకోండి. గెట్స్‌కు మీరిచ్చింది ఆ అర్రే మొదలయ్యే చిరునామా ఒక్కటే. అది ఎంత పొడవో చెప్పలేదు. చెప్పడానికి ఆ ఫంక్షనులో చోటే లేదు. కీబోర్డు నుంచి వరుస ముగిసేదాకా ఎన్ని అక్షరాలు వస్తే అన్నిటినీ అది ఆ చిరునామా నుంచి వరసగా పేర్చుకుంటూ పోతుంది. ఇరవై దాటిన తరువాత పడే అక్షరాలు పక్కనున్న చరరాశుల మీదా, ఆ పైన, ఫంక్షను ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసిపెట్టుకున్న చిరునామా మీదా పడతాయి. ఆ చిరునామాను తనకు కావలసినట్టు మార్చగలిగే అక్షరాలను ఎంచి పంపినవాడు మీ ప్రోగ్రామును తన పనికి వాడుకోగలడు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి వదిలిన, తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే పురుగు ప్రోగ్రాము ఆనాటి ఇంటర్నెట్‌లోని వేలాది యంత్రాలను స్తంభింపజేసింది. అది లోపలికి చొరబడిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే సేవను నడిపే ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాము గెట్స్‌తో 512 బైట్ల బఫరులోకి (వచ్చిన అక్షరాలను తాత్కాలికంగా ఉంచే చోటులోకి) చదువుతోంది. మోరిస్ పురుగు 536 బైట్లు పంపింది. తేడా ఇరవై నాలుగు బైట్లే.

ఇక్కడ మా చదువరులు గమనించవలసిన విడ్డూరం ఒకటి ఉంది. ఆ మరుసటి సంవత్సరమే, అంటే 1989లో, సీ భాషకు తొలి అమెరికా ప్రామాణికం వెలువడితే అందులో గెట్స్ యథాతథంగా చోటు చేసుకుంది. అప్పటికే దాన్ని వాడుతున్న ప్రోగ్రాములు లెక్కకు మిక్కిలిగా ఉండడమే కారణం. "వద్దు" అన్న మాట 2007లో, 1999 నాటి ప్రామాణికానికి చేసిన సవరణలో వచ్చింది. తీసేయడం 2011 ప్రామాణికంలో జరిగింది. పురుగుకూ తీసివేతకూ మధ్య ఇరవై మూడేళ్లు.

మరి స్కాన్‌ఎఫ్‌తో (కీబోర్డు నుంచి చదివే మరో సీ ఫంక్షనుతో) మాట చదివితే అదే ప్రమాదం లేదా, దాన్ని ఎందుకు ఉంచారు అని మీరు అడగాలి, అడగకపోయినా చెబుతాం. ప్రమాదం ఉంది. కాని స్కాన్‌ఎఫ్‌లో శాతం గుర్తుకూ ఎస్ అక్షరానికీ నడుమ 19 అని రాస్తే పందొమ్మిది అక్షరాలకు మించి చదవదు; ఇరవయ్యో గడి మాట ఎక్కడ ముగిసిందో చెప్పే సున్నా కోసం. అంటే దాన్ని జాగ్రత్తగా వాడే పద్ధతి ఒకటి ఉంది, వాడకపోతే తప్పు మనది. స్ట్రింగ్ కాపీ ఫంక్షను సంగతీ అంతే: గమ్యంలో చోటుందో లేదో ముందుగా చూసుకునే అవకాశం మనకు ఉంది. గెట్స్‌కు ఆ అవకాశం లేదు. వచ్చే వరుస ఎంత పొడవో అది వచ్చాక గాని తెలియదు, వచ్చేటప్పటికే నష్టం జరిగిపోతుంది. ఎంత నిపుణుడైనా జాగ్రత్తగా వాడలేని ఫంక్షను కనుక అది పోయింది. ఒక ఫంక్షనును లైబ్రరీ నుంచి పూర్తిగా తొలగించడానికి మా దృష్టిలో ఇంతకంటే తిరుగులేని కారణం లేదు; కింద రాబోయే ఉదాహరణల్లో కొన్నిటికి ఇంత బలమైన కారణం లేదన్నది కూడా ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాం.

మీరు చేయవలసింది ఎఫ్‌గెట్స్ వాడడం. దానికి పొడవు కూడా చెప్పాలి. ఒక్క మెలిక ఉంది: గెట్స్ వరుస చివరి ఎంటర్ గుర్తును పారేస్తుంది, ఎఫ్‌గెట్స్ దాన్ని పేరుతోపాటు ఉంచేస్తుంది. ఆ గుర్తును మీరే తుడిచి సున్నా పెట్టుకోకపోతే పేర్లు పోల్చినప్పుడు ఒక్కటీ కలవదు, తప్పెక్కడో తెలియక ఒక సాయంత్రం పోతుంది. ల్యాబులో మార్కుల సంగతి వేరు గనుక అక్కడ మీ అధ్యాపకులు కోరినట్టే రాయండి, ఎఫ్‌గెట్స్ రాస్తే ఒప్పుకుంటారేమో ఒకసారి వినయంగా అడిగి చూడండి. ఇంకొక మాట: మీ ల్యాబు ప్రోగ్రాముల్లో తెర తుడిచే క్లియర్ స్క్రీన్ ఫంక్షనును జీసీసీ గుర్తించకపోవడానికి కారణం దాన్ని తీసేయడం కాదు. అది ఏనాడూ సీ ప్రామాణికంలో లేదు. టర్బో సీ తయారీదారులు తమ కంపైలరుతో ఇచ్చుకున్న అదనపు సౌకర్యం అది.

ప్రశ్న (మాదాపూర్ నుంచి ఒక నెట్‌వర్క్ ఇంజనీరు): మా ఆఫీసులో అరవై నెట్‌వర్క్ స్విచ్‌ల సెట్టింగులను ప్రతి రాత్రీ భద్రపరిచే పైథాన్ స్క్రిప్టు ఒకటి ఉంది. నాకంటే ముందు పనిచేసిన ఉద్యోగి రాసిపెట్టినది. టెల్నెట్‌లిబ్ అనే మాడ్యూలు మీద (దూరపు యంత్రాలతో టెల్నెట్ పద్ధతిలో మాట్లాడే, పైథాన్‌తోపాటు వచ్చే కోడు కట్ట మీద) ఆధారపడుతుంది. పోయిన నెల సర్వరు మార్చారు, పైథాన్ 3.10 పోయి 3.13 వచ్చింది. ఆ రాత్రి నుంచి ఒక్క ఫైలూ భద్రపరచబడలేదు. పదకొండు రోజుల తరువాత ఒక స్విచ్ చెడిపోయినప్పుడు గాని మాకు తెలియలేదు. ముందుగా ఒక్క హెచ్చరిక కూడా లేకుండా ఇలా తీసేయడం న్యాయమేనా?

జవాబు: మీ కష్టం అర్థమైంది. కాని హెచ్చరిక లేదన్నది మాత్రం సరికాదు. హెచ్చరిక ఉంది, అది మీ ఇంటికి వచ్చిన రోజుల్లో ఇంట్లో ఎవరూ లేరు.

పైథాన్ మొదటి నుంచీ "బ్యాటరీలతో సహా" అన్న నినాదంతో పెరిగిన భాష. కొన్నవాడు బజారుకు వెళ్లి వేరే ఏమీ తెచ్చుకోనవసరం లేకుండా, మెయిలు పంపడం మొదలు శబ్దం ఫైళ్లు చదవడం దాకా అన్నిటికీ మాడ్యూళ్లు భాషతోపాటే వస్తాయి. ముప్పై ఏళ్లలో వాటిలో కొన్ని ఎవరికీ అక్కరలేనివయ్యాయి, కొన్నిటిని బాగుచేసే మనిషి లేకుండా పోయాడు. 2019లో క్రిస్టియన్ హైమ్స్ ఒక ప్రతిపాదన రాశారు. పెప్ (పైథాన్ మెరుగుదల ప్రతిపాదన) 594 అని దాని సంఖ్య, చచ్చిన బ్యాటరీలను తీసేయడం అని దాని శీర్షిక. 2022లో అది ఆమోదం పొందింది. మొత్తం పందొమ్మిది మాడ్యూళ్లు. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన 3.11లో "వద్దు" అన్న హెచ్చరిక మొదలైంది, 3.12లోనూ కొనసాగింది, 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో పందొమ్మిదీ పోయాయి. టెల్నెట్‌లిబ్‌తోపాటు వెబ్ పేజీలు నడిపే సీజీఐ, పాస్‌వర్డులు గిలకొట్టే క్రిప్ట్, బొమ్మ ఏ రకమో చెప్పే ఇమేజ్‌హెచ్‌డీఆర్ కూడా వాటిలో ఉన్నాయి.

ఇప్పుడు మీ స్క్రిప్టు సంగతి చూడండి. హెచ్చరిక మోగింది 3.11లోనూ 3.12లోనూ. మీ సర్వరు ఆ రెంటినీ తొక్కకుండా 3.10 నుంచి ఒక్క గంతులో 3.13కు చేరింది. రెండేళ్ల గడువు కాగితం మీద ఇచ్చారు గాని మీ యంత్రం ఆ రెండేళ్లలో ఒక్క రోజు కూడా జీవించలేదు. నాలుగైదేళ్లకోసారి ఆపరేటింగ్ సిస్టం మార్చే ఆఫీసులన్నిటి పరిస్థితీ ఇదే. ఏటా ఒక వెర్షను విడుదల చేసే భాషలో "రెండు వెర్షన్ల ముందు నోటీసు" అన్న నియమం భాష రాసేవారికి ఉదారంగా కనిపిస్తుంది, వాడేవారిలో చాలామందికి అది కనిపించనే కనిపించదు. ఈ విషయంలో మేము పైథాన్ నిర్వాహకుల పక్షాన పూర్తిగా నిలబడలేం.

మీరు 3.12 మీద నడిపి ఉన్నా హెచ్చరిక కంటపడేదన్న నమ్మకం లేదు. "వద్దు" అనే రకం హెచ్చరికను పైథాన్ మామూలుగా దాచిపెడుతుంది. మనం నేరుగా నడిపిన ఫైలులోంచే అది పుడితే చూపిస్తుంది, ఆ ఫైలు పిలుచుకున్న మరో ఫైలులోంచి పుడితే చూపించదు. సాధారణ వినియోగదారును భయపెట్టడం ఎందుకన్నది వారి వాదన. ఒకవేళ చూపించినా, రాత్రి రెండు గంటలకు క్రాన్ (చెప్పిన వేళకు పనులు మొదలుపెట్టే ప్రోగ్రాము) నడిపే స్క్రిప్టు ఏం చెప్పిందో ఎవరు వింటారు? ఏదో లాగ్ ఫైలు చివర ఒక వరుస చేరుతుంది.

అయితే టెల్నెట్‌లిబ్‌ను తీసేయడంలో అన్యాయం కనబడదు. టెల్నెట్ అన్నది 1969 నాటి పద్ధతి. మీ అరవై స్విచ్‌ల పాస్‌వర్డులు ప్రతి రాత్రీ తీగ మీద బాహాటంగా, ఎవరైనా చదువుకోగలిగే అక్షరాల్లో ప్రయాణిస్తున్నాయి. ఎస్‌ఎస్‌హెచ్ అనే, అన్నిటినీ గూఢలిపిలో పంపే పద్ధతి వచ్చింది 1995లో. మీ స్విచ్‌లు దాన్ని ఒప్పుకుంటాయో లేదో ముందుగా చూడండి; ఒప్పుకుంటే నెట్‌మికో అనే లైబ్రరీతో స్క్రిప్టును తిరగరాయండి, అది సరిగ్గా ఈ పని కోసమే పుట్టింది. ఒప్పుకోని పాత స్విచ్‌లు నాలుగైదు మిగిలితే వాటికి టెల్నెట్‌లిబ్3 అనే వేరే ప్యాకేజీ ఉంది. మరో దారి, పెద్దలు ముఖం చిట్లించేదే అయినా పనికివచ్చేది: పాత టెల్నెట్‌లిబ్ మొత్తం ఒకే ఫైలు, అచ్చమైన పైథాన్‌లో రాసినది, లైసెన్సు అనుమతిస్తుంది కనుక దాన్ని 3.12లోంచి నకలు చేసి మీ స్క్రిప్టు పక్కన పెట్టుకోవచ్చు. అప్పటి నుంచి అది మీ బిడ్డ, దాని జబ్బులు మీవి. వీటిలో ఏదీ ఈ నెలలో కుదరకపోతే 3.12నే వేరుగా ఉంచి ఆ ఒక్క స్క్రిప్టును దానితో నడపండి, 3.12కు భద్రతా సవరణలు 2028 అక్టోబరు దాకా వస్తాయి.

దేనికీ ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. మీ మిగతా స్క్రిప్టులన్నిటినీ హెచ్చరికలను దోషాలుగా లెక్కించే మీటతో, అంటే పెద్ద డబ్ల్యూ పక్కన ఎర్రర్ అని పెట్టి, పరీక్షా యంత్రం మీద ఒకసారి నడిపించండి. వచ్చే ఏడు ఆగిపోబోయేవన్నీ ఆ సాయంత్రమే ఆగిపోతాయి. భద్రపరచిన ఫైలు ఉదయానికి లేకపోతే ఎవరికో ఒకరికి మెయిలు వెళ్లే ఏర్పాటు కూడా చేయండి. ఆ పదకొండు రోజుల మౌనానికి టెల్నెట్‌లిబ్ బాధ్యత వహించదు.

ప్రశ్న (కోఠి నుంచి ఒక పుస్తకాల దుకాణం యజమాని): 2011లో ఒక కుర్రాడి చేత మా దుకాణానికి వెబ్ పేజీల భాష అయిన పీహెచ్‌పీలో వెబ్‌సైట్ రాయించుకున్నాను. ఈ మధ్య హోస్టింగ్ వారు పీహెచ్‌పీ 8కి మార్చారు, అప్పటి నుంచి తెల్ల పేజీ తప్ప ఏమీ రావడం లేదు. మై ఎస్‌క్యూఎల్ (డేటాబేసుతో మాట్లాడే) ఫంక్షన్లు పోయాయనీ, ప్రతి చోటా పేరు చివర ఒక ఐ అక్షరం చేరిస్తే చాలనీ తెలిసినవారు చెప్పారు. నిజమేనా?

జవాబు: చేర్చి చూడండి, తెల్ల పేజీ పోయి వేరే దోషం వస్తుంది. పాత ఫంక్షన్లలో డేటాబేసుకు వేసే ప్రశ్నను ముందు, డేటాబేసుతో కనెక్షనును తరువాత ఇవ్వాలి, ఆ కనెక్షను ఇవ్వకపోయినా నడిచేది. ఐ చేరిన కొత్తవాటిలో కనెక్షను తప్పనిసరి, అదే ముందు రావాలి. ఫలితంలోంచి ఒక్క గడిని తీసుకునే పాత ఫంక్షనుకు కొత్తదాంట్లో జోడీయే లేదు. కనుక ఇది పదాలను వెతికి మార్చే పని కాదు, ఫైలు ఫైలుగా కూర్చుని చదివే పని.

చదవడం మంచిది కూడా. ఆ పాత ఫంక్షన్లతో రాసిన సైట్లలో, వెతుకులాట పెట్టెలో పాఠకుడు టైపు చేసిన మాటను తిన్నగా డేటాబేసు ప్రశ్నలో అతికించడం ఆనవాయితీ. ఎవరైనా పుస్తకం పేరుకు బదులు ఒక కొటేషన్ గుర్తూ దాని వెనుక ఒక ఆజ్ఞా టైపు చేస్తే మీ డేటాబేసు దాన్ని శిరసావహిస్తుంది. విలువలను ప్రశ్న నుంచి వేరుగా పంపే పద్ధతి పాత ఫంక్షన్లకు తెలియదు. పీడీఓకూ (డేటాబేసులతో మాట్లాడే మరో పీహెచ్‌పీ సాధనానికీ), ఐ చేరినవాటికీ తెలుసు. రాయించేవారికి ఈ పద్ధతి తప్పనిసరి అని చెప్పండి, పీడీఓతో రాస్తే మరీ మంచిది.

ఆ పాత ఫంక్షన్లను 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5లో వద్దన్నారు, 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో తీసేశారు. ఆ నడుమ మీ సైటు పేజీల్లో హెచ్చరికలు రావలసింది. ఆ కాలపు కుర్రాళ్లకు ఒక అలవాటు ఉండేది: హెచ్చరిక వస్తున్న ఫంక్షను ముందు ఎట్ గుర్తు పెడితే దాని నోరు మూతబడేది. మీ ఫైళ్లలో ఆ గుర్తు కోసం వెతకండి. దొరికిన ప్రతి చోటా ఒకప్పుడు ఏదో ఒక హెచ్చరిక ఉండేదని గుర్తు.

ప్రశ్న (గచ్చిబౌలి నుంచి ఒక జావా డెవలపరు): మా కోడులో తారీఖుల కోసం పాత డేట్ క్లాసు (తారీఖు వివరాలూ, వాటి మీద చేసే పనులూ ఉండే కోడు కట్ట) విరివిగా ఉంది. ఎడిటరులో ఆ పేర్ల మీద "వద్దు" అని చెప్పే అడ్డగీతలు కనిపిస్తున్నాయి. మార్చుదామంటే మా టీమ్ లీడ్ గారు, "ఆ గీతలు నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి చూస్తున్నాను, జావాలో ఏదీ పోదు" అంటున్నారు. ఆయన మాట నిజమా?

జవాబు: సగం నిజం. డేట్ క్లాసులో సంవత్సరం, నెల, రోజు ఇచ్చి తారీఖు తయారుచేసే పద్ధతిని వద్దన్నది 1997లో, జావా 1.1తో. ఇప్పటికీ అది అక్కడే ఉంది. సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కించడం, నెలలను సున్నా నుంచి లెక్కించడం, రోజులను మాత్రం ఒకటి నుంచి లెక్కించడం దాని ప్రత్యేకతలు. 2025, 8, 15 అని ఇచ్చి ఆగస్టు పదిహేను వస్తుందని ఆశిస్తే 3925 సెప్టెంబరు 15 వస్తుంది. (ఈ జవాబు రాస్తున్న వ్యక్తి 1999లో అమీర్‌పేటలో, మైత్రీవనం వెనుక సందులో, సంవత్సరానికి రెండంకెలు చాలవన్న ఒక్క పాఠం నేర్చుకోవడానికి రెండు నెలల కోబాల్ కోర్సు చేశాడు. ఆ రోజుల్లోనే కొత్త భాష ఒకటి 1900ను తీసివేసి లెక్కిస్తోందని తెలియకపోవడమే మంచిదైంది.)

మీ టీమ్ లీడ్ గారి అనుభవం 2017కు ముందుది. ఆ ఏడు సెప్టెంబరులో వచ్చిన జావా 9 "వద్దు" అన్న ముద్రను రెండు రకాలుగా చీల్చింది: ఒకటి ఉత్త సలహా, రెండోది "ముందు ముందు తీసేస్తాం" అన్న ప్రకటన. రెండోదానికి కంపైలరు విడిగా, దాచకుండా హెచ్చరిస్తుంది. ఎక్స్ఎంఎల్‌ను జావా వస్తువులుగా మార్చే జాక్స్‌బీని జావా 9లో రెండో రకం ముద్రతో గుర్తించారు, ఒక్క సంవత్సరంలో, 2018 సెప్టెంబరు నాటి జావా 11లో అది లేదు. 8 నుంచి 11కో 17కో మారిన ప్రాజెక్టుల్లో పనిచేసినవారు మీ ఆఫీసులోనే ఉంటారు. జాక్స్‌బీ పేరు చెప్పి వారి ముఖం చూడండి. అది ఇప్పుడు వేరే ప్యాకేజీగా దొరుకుతుంది, కాని అడిగి తెచ్చుకోవాలి.

ఒక థ్రెడ్డును (ప్రోగ్రాములో విడిగా సాగే ఒక పని పాయను) బయటి నుంచి బలవంతంగా ఆపే స్టాప్ పద్ధతిది మరో దారి. డబ్బు ఒక ఖాతాలో తగ్గించి మరో ఖాతాలో ఇంకా పెంచకముందే ఆ థ్రెడ్డును ఆపేస్తే, ఇతరులు ఆ లెక్కను ముట్టకుండా అది పట్టుకున్న తాళాలన్నీ వదిలిపోతాయి, సగం మారిన లెక్క అందరికీ కనిపిస్తుంది. 1998లో జావా 1.2 దీన్ని వద్దంది. 2023 మార్చిలో వచ్చిన జావా 20లో పేరు మిగిలింది గాని పని పోయింది. ఆ వెర్షనులో దాన్ని పిలిస్తే ఈ పని చేయనని దోషం విసురుతుంది. పాతికేళ్లు బతికాక అది బొమ్మగా మిగిలింది.

జేడెప్‌స్కాన్ అనే పనిముట్టు జావా 9 నుంచి జేడీకేతోనే (జావా పనిముట్ల కట్టతోనే) వస్తుంది. మీ ప్రోగ్రామును కట్టగట్టిన జార్ ఫైలును దానికి చూపి, తీసేస్తామన్నవాటినే అడగండి. ఆ జాబితాతో వెళితే మీ టీమ్ లీడ్ గారు కాదనలేరు. డేట్ క్లాసు ఆ జాబితాలో రాదు. దాన్ని 2014లో జావా 8తో వచ్చిన జావా టైమ్‌కు మార్చడం మంచిదే గాని, అది తొందర పని కాదని ఒప్పుకోండి.

ప్రశ్న (తార్నాక నుంచి ఒక పాఠకుడు): వెబ్ పేజీల్లో నడిచే జావాస్క్రిప్టు భాషలో మాత్రం ఏదీ తీసేయరంటారు, ఎందుకు?

జవాబు: పైథాన్ వెర్షను మీ సర్వరు మీద ఉంటుంది, మీరు కోరినప్పుడు మారుతుంది. బ్రౌజరు చదువరి ఇంట్లో ఉంటుంది, దానంతటదే మారుతుంది. పదిహేనేళ్ల కిందట రాసి వదిలేసిన పేజీని బాగుచేసే మనిషి ఉండడు. అందుకే తీసేయడం అటుంచి, కొత్త పేరు చేర్చడమే కష్టమైన సందర్భాలున్నాయి. 2018లో అర్రేలకు ఫ్లాటెన్ అనే పేరుతో కొత్త సౌకర్యం చేర్చబోతే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరును తనకు తానే చేర్చుకుని ఉందనీ, చేరిస్తే దాని మీద నడిచే సైట్లు చెడతాయనీ తేలింది. చివరకు పేరును ఫ్లాట్ అని కుదించారు.

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి ఒక మహిళా ఇంజనీరు): మా సంస్థలో నలభై మంది వాడే సొంత లైబ్రరీని చూసుకునే బాధ్యత నాది. అందులో ఒక పాత ఫంక్షను తప్పు ఫలితాలిస్తోంది, దానికి బదులు కొత్తది రాశాను. మెయిలు పంపాను, ఎవరూ మారలేదు. తీసేస్తే పోట్లాటకు వస్తారు. ఏం చేయాలి?

జవాబు: మన దేశంలో ఈ పనిని రెండు రకాలుగా చేసి చూశాం. 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటించి, అర్ధరాత్రి నుంచి ఐదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. ఆ తరువాత బ్యాంకుల ముందు వరుసలు మీకు గుర్తుండే ఉంటాయి. 2023 మే 19న రెండువేల నోటు విషయంలో చెల్లుబాటును రద్దు చేయకుండానే కొత్తగా ఇవ్వడం మానమని బ్యాంకులకు చెప్పి, మార్చుకోవడానికి గడువిచ్చి, ఆ గడువును వారం పొడిగించి, ఆ పైన కూడా రిజర్వు బ్యాంకు పందొమ్మిది కార్యాలయాల్లో మార్చుకునే దారి తెరిచి ఉంచారు. వాటిలో మన హైదరాబాదు కార్యాలయం ఒకటి. మీరు రెండో పద్ధతిలో నడవండి.

ముందుగా, పాత ఫంక్షను లోపలి కోడు తీసేసి అది కొత్తదాన్నే పిలిచేలా చేయగలరేమో చూడండి. గో భాషలో ఐఓయుటిల్ అనే ప్యాకేజీని 2021లో వద్దన్నప్పుడు చేసింది ఇదే: పాత పేర్లు ఉన్నాయి, అవి కొత్త చోటికి దారి చూపిస్తాయి, ఎవరి ప్రోగ్రామూ ఆగలేదు. కాని మీ పాత ఫంక్షను తప్పు ఫలితమిస్తోందంటున్నారు. ఆ తప్పునే ఆసరా చేసుకుని, దాన్ని తిరిగి సరిచేసుకుంటూ ఎవరో ఒకరు కోడు రాసి ఉంటారు. మీరు లోపల సరిచేస్తే వారి దగ్గర రెండుసార్లు సరయి మళ్లీ తప్పవుతుంది. కనుక నలుగురైదుగురి కోడు చూడకుండా ఈ మార్పు చేయవద్దు.

మెయిలు చాలదు. పాత ఫంక్షను పిలుపు వచ్చిన ప్రతిసారీ ఏ ఫైలులో ఏ వరుస పిలిచిందో ఒక చోట నమోదు చేయండి. రెండు వారాలు నడవనిచ్చి, నెలాఖరు లెక్కలూ మార్చి లెక్కలూ చేసే ప్రోగ్రాములు ఏడాదికోసారే నిద్ర లేస్తాయని గుర్తుంచుకుని, కోడు మొత్తం వెతకడం కూడా చేయండి. చేతికి వచ్చిన జాబితాలో నలభై మంది ఉండరు, ఆరుగురో ఏడుగురో ఉంటారు. నలభై మందికి ఒక మెయిలు పంపితే అది ఎవరికీ చెందదు. ఏడుగురి బల్లల దగ్గరికి వెళ్లి, వారి ఫైలులోని వరుస చూపించి, బదులు ఏం రాయాలో కాగితం మీద పెడితే మూడు రోజుల్లో ఐదుగురు మారతారు.

హెచ్చరికలో తారీఖు రాయండి. "త్వరలో తీసేస్తాం" అని రాస్తే ఎవరూ కదలరు, జావా గచ్చిబౌలి మిత్రుని టీమ్ లీడ్ గారికి నేర్పిన పాఠం అదే. తారీఖు రాశాక ఆ రోజున నిజంగా తీసేయండి, లేకపోతే మీ తరువాతి తారీఖులను ఎవరూ నమ్మరు. తీసేయడానికి వారం ముందు పరీక్షా సర్వరు మీద ఒక్క పగలు దాన్ని పనిచేయకుండా ఆపి చూడండి. మిగిలిన ఆ ఇద్దరూ మధ్యాహ్న భోజనం లోపే మీ దగ్గరికి వస్తారు.